దిష్టిచుక్క ఉన్న టీవీ

మధ్యతరగతి ఇళ్ళల్లో ఉద్యోగస్తులకే కాదు, సామానుకీ బదిలీలుంటాయి. కొన్న కొత్తలో హాల్లో ఉంటుంది. నాలుగేళ్ళకి పడగ్గదికి, ఆ తరవాత పెద్దవాళ్ళ గదికి, ఆఖరికి అటక మీదికి చేరుతుంది. కిర్రుమనే ఫ్యానూ, చెయ్యి ఊగే కుర్చీ, రోజుకి ఐదు నిమిషాలు వెనకబడే గడియారం మీ ఇంట్లో ఎవరి గదిలో ఉన్నాయో ఒకసారి చూసుకోండి. నరసరావుపేటలో మా ఇంట్లో అయితే మా అత్తగారి గదిలో ఉన్నాయి.

పోయిన శివరాత్రికి ముందు ఆ గదిలోని పాత డబ్బా టీవీ శాశ్వతంగా కన్నుమూసింది. ఆవిడకి డెబ్బై తొమ్మిదేళ్ళు. మోకాళ్ళ నొప్పులతో గడప దాటలేరు. మామగారు పోయాక ఆ గదిలో పలికే గొంతు అంటూ ఉంటే అది టీవీదే. నేను వంటింట్లో ఉన్నా ఆ మాటలు వినబడుతుంటే ధైర్యంగా ఉండేది. రెండ్రోజులు గది మూగబోయేసరికి ఇల్లంతా బావురుమన్నట్టనిపించింది.

హాల్లోకి సంక్రాంతికే 43 అంగుళాల కొత్త ఎల్.ఇ.డి. టీవీ వచ్చింది. వెంటనే ఇంకొకటి కొనాలంటే చెయ్యి రాదు. అది గ్రహించి అత్తగారే మామగారి పెన్షన్ లోంచి దాచుకున్న ఆరు వేలు తెచ్చి, “దీంట్లో ఏదొస్తే అది చూడరా అబ్బాయ్” అని మావారి చేతిలో పెట్టారు. గుంటూరులో ఒక బ్యాంకు ఉద్యోగి బదిలీ మీద వెళ్తూ 42 అంగుళాల ప్లాస్మా టీవీ సరిగ్గా ఆ ధరకే ఇచ్చేస్తున్నాడని మావారికి తెలిసింది. నచ్చకపోతే నాలుగు రోజుల్లో వెనక్కి ఇచ్చెయ్యొచ్చని ఒప్పందం.

మా అబ్బాయి నవ్వాడు. “ప్లాస్మానా! అవి తయారు చెయ్యటమే మానేశారు నాన్నా. అయినా నానమ్మకి ఎలాగూ సరిగ్గా కనపడదుగా, ఏదైతే ఏంలే.”

వాడు మామూలుగానే అన్నాడు. అత్తగారు వినీ విననట్టు ఊరుకున్నారు. నాకు మాత్రం చివుక్కుమంది. శుక్లాల ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ బియ్యంలో రాయి నాకంటే ముందు ఆవిడకే కనపడుతోంది మరి!

మిరప నారు కొనేవాడు వంగడం అడిగినట్టు నేనూ ఈ ప్లాస్మా పుట్టుపూర్వోత్తరాలు విచారించాను. 1964లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో బిట్జర్, స్లాటో, విల్సన్ అనే ముగ్గురు కలిసి ఈ తెర కనిపెట్టారు. కంప్యూటర్ మీద విద్యార్థులకి పాఠాలు చెప్పటానికట. రంగుల టీవీగా మారింది చాలా ఏళ్ళ తరవాత. రెండు అద్దాల మధ్య లక్షల కొద్దీ చిన్న చిన్న గదులు, వాటి నిండా నియాన్, జెనాన్ వాయువులు. కరెంటు తగలగానే ఆ వాయువులోంచి కంటికి కనపడని అతినీలలోహిత కాంతి పుడుతుంది. గదిలో పూసిన ఎర్ర, ఆకుపచ్చ, నీలం పొడుల్ని అది వెలిగిస్తుంది. మన ట్యూబులైటు వెలిగే పద్ధతీ ఇంచుమించు ఇదే.

మనకి తెలిసిన భాషలో చెప్పాలంటే, ప్లాస్మా మా కోటప్పకొండ ప్రభ లాంటిది. శివరాత్రి తిరనాళ్ళకి 80, 90 అడుగుల ఎత్తున నిలబెట్టే విద్యుత్ ప్రభ మీద ఏ బల్బు వెలుగు ఆ బల్బుదే. ఆరిన చోట చీకటే. ఇప్పటి ఎల్.ఇ.డి. టీవీ తోలుబొమ్మలాట లాంటిది. వెనక దీపాలు వెలుగుతూనే ఉంటాయి. ముందున్న తెర ఆ వెలుగుని ఒకచోట వదులుతుంది, ఒకచోట ఆపుతుంది. ఎల్.ఇ.డి. అన్న పేరు ఆ వెనక దీపాలదే. తెర ఎంత గట్టిగా ఆపినా కాస్త వెలుగు కారుతూనే ఉంటుంది.

సరే, టీవీ వచ్చింది. హాల్లో ఉన్నదాన్ని మా అబ్బాయి ఒక్కడే ఎత్తి పెట్టాడు. దీన్ని ఆటోలోంచి దించటానికి ఇద్దరు మనుషులు, సలహాలివ్వటానికి ఇంకో ఇద్దరు కావలసొచ్చారు. పాతిక కిలోల పైమాటే. తీరా పెట్టి చూస్తే తెర కుడివైపు పైమూల లీలగా ఒక మచ్చ! ఆ ఇంటివాళ్ళు ఏళ్ళ తరబడి ఒకే వార్తల ఛానెల్ చూసినట్టున్నారు. కదలకుండా ఒకేచోట ఉండే గుర్తు ప్లాస్మా తెర మీద అలా ముద్ర పడిపోతుంది. మావారి మొహం వాడిపోయింది.

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. “పోనీలేరా, కొత్తింటికి వస్తా వస్తా దిష్టిచుక్క పెట్టుకొచ్చింది” అన్నారు.

రెండు టీవీలనీ పక్కపక్కన పెట్టి, ఆవిడ నవారు మంచం హాల్లో వేశాం. నాలుగు రోజుల పరీక్ష మొదలైంది.

పగటిపూట ప్లాస్మా ఓడిపోయింది. కిటికీ తెరిస్తే దాని అద్దంలో సీరియల్ అత్తగారితో పాటు మా వీధి కూడా కనపడింది. కొత్తది ఎండలోనూ తళతళలాడింది. కింద పరిగెత్తే వార్తల అక్షరాలు కూడా కొత్తదాంట్లోనే స్పష్టం. ఉండదూ మరి, దాని తెర మీద 83 లక్షల చుక్కలు! ప్లాస్మాకి ఎనిమిది లక్షలకి కాస్త తక్కువ. అయితే కేబుల్లో వచ్చే పాత సినిమాల్ని అన్ని చుక్కలకి సాగదీసేసరికి, నలుగురికి వండిన పప్పులో పదిమందికి సరిపడా నీళ్ళు పోసినట్టయింది. ప్లాస్మాలో అదే పప్పు చిక్కగా ఉంది.

మూడోరోజు రాత్రి ‘మాయాబజార్’ వచ్చింది. 1957 నాటి నలుపు తెలుపు సినిమా. మార్కస్ బార్‌ట్లే తీసిన ఆ వెన్నెల్లో పడవ విహారం వచ్చేసరికి లైట్లు ఆర్పించారు అత్తగారు. కొత్త టీవీలో రాత్రి బూడిద రంగులో ఉంది. ప్లాస్మాలోదీ కటిక చీకటి కాదు గానీ, వెన్నెలకి విలువ తెచ్చే చీకటి. 1987లో ఆదివారం పొద్దున్నే రామాయణం కోసం వీధి వీధంతా చెక్కతలుపుల నలుపు తెలుపు టీవీ ముందు కూర్చున్న ఇల్లు మాది. నలుపంటే ఏమిటో ఆవిడకి ఒకరు చెప్పాలా!

ఇంకో సంగతి. ఆవిడ మంచం మీద పక్కకి ఒత్తిగిలి పడుకునే టీవీ చూస్తారు. మా కొత్తదాన్ని పక్కనుంచి చూస్తే మొహాలు పాలిపోతున్నాయి. ప్లాస్మా ఏ మూలనుంచి చూసినా ఒక్కలాగే ఉంది.

ఇక నా పద్దు. ప్లాస్మా ఇంచుమించు 200 వాట్లు తింటుంది. రోజుకి ఆరు గంటల చొప్పున నెలకి 36 యూనిట్లు. కొత్తది 80 వాట్లు, నెలకి 14 యూనిట్ల పైచిలుకు. తేడా దాదాపు 22 యూనిట్లు. పైగా వెనక చెయ్యి పెడితే, ఇప్పుడే పెనం దించిన పొయ్యిలా వెచ్చగా ఉంటుంది. పల్నాడు ఎండలకి ఇది తోడైతే ఇంకేమన్నా ఉందా?

ఇవన్నీ దాచకుండా చెప్పాను. డబ్బు ఆవిడది, కళ్ళూ ఆవిడవే. అంతా విని, “ఇదే ఉండనీ అమ్మాయ్. ఎండాకాలం మధ్యాహ్నాలు దానికి సెలవిద్దాం” అన్నారు. తరవాత మనవడి వైపు తిరిగి, “ఒరే నాన్నా, నాకు సరిగ్గా కనపడదన్నావుగా. ఆ రెంటిలో దేంట్లో రాత్రి రాత్రిలాగుందో నీకు కనపడిందా?” అనడిగారు.

వాడు మాట్లాడలేదు. సాయంత్రం వాళ్ళ నాన్నతో కలిసి టీవీని ఆ గదిలోకి మోశాడు. ఆవిడ తలగడ మీద తన తల ఆనించి చూసి, ఎత్తు సరిపోలేదని కింద ఇంకో పలక పెట్టాడు. ఆ గదిలోకి ఆవిడ ఏరి తెచ్చుకున్న సామాను అదొక్కటే. ఆ వారంలోనే కుర్చీ, గడియారం కూడా మారాయి, ఏవి కావాలో ఆవిడని అడిగే.

మీరెవరైనా ఇలాంటిది కొనబోతే ముందు తెల్లటి బొమ్మ పెట్టించి మచ్చలు వెతకండి. గంటసేపు నడిపించి రొద వస్తుందేమో వినండి. 2013 చివర్లో పానసోనిక్, 2014లో శాంసంగ్, ఎల్.జి. వీటి తయారీ ఆపేశాయి. తెర పోతే కొత్త తెర రాదు. ఉన్నన్నాళ్ళకే ఆ ధర. చుక్క చుక్కా తానే వెలిగే ప్రభ పద్ధతి ఒ.ఎల్.ఇ.డి. అన్న పేరుతో మళ్ళీ వచ్చింది, నలుపు ఇంకా బాగుంటుంది. ధర వింటే మాత్రం మన కళ్ళముందే చీకటి కమ్ముతుంది.

ఆ 22 యూనిట్ల డబ్బు అత్తగారు ప్రతి నెలా పెన్షన్ రాగానే లెక్కపెట్టి నా చేతిలో పెడుతున్నారు. వద్దంటే వినరు. “నా టీవీ మేత నేనే పెట్టుకుంటాలే అమ్మాయ్” అంటారు.