బిల్డు ఎర్రబడింది, తప్పెవరిది?

చాలా రోజుల తర్వాత మళ్ళీ రాస్తున్నా. ఇది టెక్నికల్ సంగతే గానీ, మధ్యలో మా ఊరూ, సిరిసిల్ల సాంచాలూ వస్తాయి. కాస్త ఓపిక పట్టండి :)

మాది ముత్యంపేట. చిన్నప్పుడు సీజన్ వచ్చిందంటే చెరకు బళ్ళతో రోడ్డు నిండిపోయేది. 2015 డిసెంబరులో షుగర్ ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ సందడి పోయింది. అయినా బతుకమ్మకీ దసరాకీ ఊరెళ్ళకపోతే నాకు ఏడాది గడిచినట్టుండదు. లాప్‌టాప్ వెంట తీసుకెళ్ళడం మాత్రం నా జబ్బు.

సద్దుల బతుకమ్మ రోజు ఇంట్లో అందరూ పూలు పేరుస్తున్నారు. బిల్డు ఫెయిలైందని ఫోన్లో మెయిలొచ్చింది. ముప్పై వేల లైన్ల లాగ్. మా ఊరి సిగ్నల్‌కి అది మొత్తం తెరుచుకోవడమే కష్టం. చివరి పది లైన్లు చూశా: ఒక టెస్టు పడిపోయింది. ఆ బిల్డులో ఆఖరి కమిట్ మా టీములో కొత్తగా చేరిన అమ్మాయిది. అంతే. "కమిట్ చేసే ముందు టెస్టులు నడుపుకోవడం కనీస బాధ్యత" అని టీమంతటికీ మెయిలు కొట్టేశా.

"పండుగకొచ్చి గా డబ్బ ముంగట గూసున్నవేందిరా" అని అమ్మ తిట్టింది. మూసేశా. రాత్రి ఆ అమ్మాయి నుంచి జవాబు: "నా దగ్గర అన్ని టెస్టులూ పాసవుతున్నాయి సార్. నేను మార్చిన ఫైలుకీ దీనికీ సంబంధం కనపడట్లేదు." కొత్తవాళ్ళంతా ఇలాగే అంటారులే అనుకున్నా.

దసరా మర్నాడు సిరిసిల్ల, మా మేనమామ ఇంటికి. ఆయనవి పాత సాంచాలు. పేక పోగు తెగినా, కండె అయిపోయినా సాంచ దానంతటదే ఆగిపోతుంది. పడుగులో పోగు తెగితే మాత్రం ఆగదు. నేస్తూనే పోతుంది, బట్ట పొడవునా సన్నటి గీత పడుతుంది. ఆ రోజు అలాంటి గీతే కనిపించింది. పనిలో ఉన్నతను అప్పుడే షిఫ్టు మారి వచ్చినవాడు, మొహం చిన్నబోయింది. మామ అతన్నేమీ అనలేదు. సాంచ ఆపి, చుట్టిన బట్టను వెనక్కి విప్పుకుంటూ పోయాడు. గీత ఎక్కడ మొదలైందో చూసి, "గిది పొద్దుగాల్నే తెగింది. నీది గాదు పో" అన్నాడు.

"ముందుగాల ఏడ తెగిందో సూడాలె అల్లుడా. ఆఖర్ల ఎవడుండెనో సూస్తే ఏమొస్తది?" అని నాతో అన్నాడు. మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం గట్టిగా తగిలింది.

ఇంటికొచ్చి లాగ్ మొదటి నుంచి చదివా. నాలుగువేల చిల్లర లైను దగ్గర దొరికింది: "సమ్‌థింగ్ వెంట్ రాంగ్, చెక్ లాగ్." రెండేళ్ళ కిందట నేను రాసిన కోడ్ జనరేటర్ స్క్రిప్టు అది! సర్వర్లో డిస్కు నిండిపోయి కొత్త ఫైలు రాయలేకపోయింది, పాత ఫైలు అలాగే ఉండిపోయింది. కంపైల్ సాఫీగా అయిపోయి, అరగంట తర్వాత టెస్టు పడింది. మరి సర్వర్ అక్కడే ఎందుకు ఆగలేదు? స్క్రిప్టు అవుట్‌పుట్‌ని పైపులోంచి 'టీ' కమాండుకి పంపాను. షెల్ మామూలుగా పైపులో చివరి కమాండు ఎగ్జిట్ కోడే చూస్తుంది. 'టీ'కేం, హాయిగా సున్నా ఇచ్చింది. జెన్‌కిన్స్ అంతా బాగుందనుకుంది. పడుగు పోగు తెగినా సాంచ ఆగనట్టే.

ఇక సరిచేసుకున్నవి, మీకూ పనికొస్తాయని:

మొదటిది, బాష్‌లో పైప్‌ఫెయిల్ పెట్టడం. తప్పు జరిగితే అక్కడే ఆగాలి.

రెండోది, ఎర్రర్ ఒకే లైన్లో, యంత్రం కూడా చదవగలిగేలా ఉండాలి. గ్నూ వాళ్ళ కోడింగ్ ప్రమాణాల్లో ఇది ఎప్పటినుంచో ఉంది: ఫైలు పేరు, కోలన్, లైను నంబరు, కోలన్, సందేశం. ఈమాక్స్ ఆ రూపం చూసే నేరుగా ఆ లైనుకి దూకుతుంది. ఎంఎస్‌బిల్డ్‌ది కొంచెం వేరు: బ్రాకెట్లలో లైను, కాలమ్, ఆ తర్వాత ఎర్రర్ అనే మాట, దానికో కోడ్. గిట్‌హబ్ యాక్షన్స్‌లో రెండు కోలన్లతో మొదలయ్యే ఎర్రర్ లైను రాస్తే, పుల్ రిక్వెస్టులో ఆ కోడ్ పక్కనే కనిపిస్తుంది. టీమ్‌సిటీకి దానిదే ఒక పద్ధతి, అందులో సింగిల్ కోట్ ముందు నిలువు గీత పెట్టకపోతే ఆ లైను సరిగ్గా చదవదు. మీ సర్వర్ ఏది అర్థం చేసుకుంటుందో అదే రాయండి, సొంత కవిత్వం వద్దు.

మూడోది, రంగుల కోడ్లూ, ప్రోగ్రెస్ బార్లూ టెర్మినల్‌లో అందమే. లాగ్‌లోకి పోతే చెత్త. అవుట్‌పుట్ టెర్మినల్‌కి పోతోందో లేదో చూసుకునే రంగులు వెయ్యాలి.

నాలుగోది, సమాంతరంగా నడిచే బిల్డులో రెండు ఎర్రర్లు కలగాపులగం అవుతాయి. గ్నూ మేక్‌లో 2013లో వచ్చిన 4.0 నుంచీ అవుట్‌పుట్ సింక్ ఆప్షన్ ఉంది, వాడండి.

ఇవన్నీ ఒక గంట పని. రెండేళ్ళు చెయ్యలేదు. ఆ బద్ధకానికి మూల్యం ఎవరు కట్టారంటే, తప్పు చెయ్యని మనిషి, అందరి ముందూ.

అందుకే క్షమాపణ కూడా అదే లిస్టుకి పంపా, ఒక్కరినీ తగ్గించకుండా. డిస్కు సంగతి, స్క్రిప్టు సంగతి, నా పేరుతో సహా రాశా. కొత్త స్క్రిప్టు రివ్యూకి ఆ అమ్మాయికే ఇచ్చా. పావుగంటలో కామెంటు వచ్చింది: "ఎర్రర్లో సర్వర్ ఫోల్డరు పూర్తి పాత్ వస్తోంది సార్. ఆ ఫోల్డరు మా ఎవరి మెషీన్లోనూ లేదు. ప్రాజెక్టు ఫోల్డరు నుంచి ఇస్తే బాగుంటుంది."

నిజమే. మార్చా.

మీ లాగుల్లో కూడా "సమ్‌థింగ్ వెంట్ రాంగ్"లు ఎన్ని ఉన్నాయో ఓసారి వెతికి చూడండి. అందులో కొన్నైనా మీరు రాసినవే ఉంటాయి.