రెక్కల నీడన రచ్చబండ!

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం. జులై నెలాఖరు. రిపన్ అనే చిన్న ఊరి మీదుగా వచ్చిన విమానాలు రైలు పట్టాల వెంబడే బారులు తీరి ఫిస్క్ దాకా వస్తాయి. రెక్కలు ఊపమని కింద నుంచి కంట్రోలర్ అడుగుతాడు. పైలట్ మాట్లాడడు, రెక్కలు ఊపుతాడంతే. విన్నానని దానర్థం! రన్‌వే మీద రంగురంగుల చుక్కలుంటాయి. ఎవరికి చెప్పిన చుక్క మీద వాళ్లు దిగాలి.

అలా దిగే ఊరే ఓష్‌కోష్. విన్నెబాగో సరస్సు పడమటి ఒడ్డున ఉంటుంది. మిల్వాకీ నుంచి కారులో గంటన్నర, చికాగో నుంచి దాదాపు మూడు గంటలు. ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ 1970 నుంచి ఏటా (కొవిడ్ వల్ల 2020లో తప్ప) ఇక్కడ విమానాల జాతర జరుపుతోంది. ఆ వారంలో ఈ ఊరికీ చుట్టుపక్కల విమానాశ్రయాలకీ దాదాపు పదివేల విమానాలొస్తాయి. 2024లో వచ్చిన జనం 6.8 లక్షలకు పైనే!

చాలామంది విమానం పక్కనే గుడారం వేసుకుంటారు. సాయంత్రం కాగానే మడత కుర్చీలు బయటికొస్తాయి. ఇక మొదలవుతాయి ఇంజిన్ కబుర్లు. మన దగ్గర మెకానిక్ షెడ్డు ముందు బుల్లెట్ బండి గురించి నలుగురూ నాలుగు మాటలు చెప్పినట్టే. తేడా ఒక్కటే. బండి ఆగితే రోడ్డు పక్కన నిలబెట్టొచ్చు. ఒకే ఇంజిన్ ఉన్న విమానం గాల్లో ఆగితే, వెనక సీట్లో పిల్లలున్నా సరే, కింద ఏ పొలమో వెతుక్కోవాల్సిందే.

పైగా సొంత విమానం ఉన్న పైలట్ ఆయిల్, స్పార్క్ ప్లగ్గులు తనే మార్చుకోవడానికి అమెరికా చట్టం ఒప్పుకుంటుంది. కాబట్టి ఇక్కడ విన్న మాట నేరుగా ఇంజిన్‌లోకి వెళ్లే అవకాశం ఉంది. మరి ఏది నమ్మాలి?

అందరూ చెప్పేదే... కానీ!

'ఎగరకపోయినా పర్లేదు. వారానికోసారి పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే చాలు' అనేది తరచూ వినిపించే సలహా. చెప్పేవాళ్లు ఎక్కువే. తయారీ సంస్థ లైకమింగ్ మాత్రం వద్దంటుంది. ఇంధనం మండినప్పుడు పుట్టే నీరు ఆయిల్‌లో చేరుతుంది. అది ఆవిరైపోవాలంటే ఆయిల్ బాగా వేడెక్కాలి. నేలమీద పది నిమిషాల్లో అంత వేడి రాదు. అంటే తుప్పు పట్టకుండా చేసే పనే తుప్పును పిలుస్తుందన్నమాట!

ఇందులో ఇంకో మెలిక ఉంది. లైకమింగ్ ఇంజిన్లలో క్యామ్‌షాఫ్ట్ పైభాగంలో ఉంటుంది. ఊరికే నిలబెడితే దాని మీది ఆయిల్ కిందికి జారిపోతుంది. కాంటినెంటల్ ఇంజిన్లలో అది సాధారణంగా కింది వైపు ఉంటుంది. 'మా విమానం ఆర్నెల్లు కదలకపోయినా ఏమీ కాలేదు' అని ఒకాయన అంటే, అది నిజమే కావచ్చు. కానీ పక్కాయన ఇంజిన్‌కి అదే వర్తించాలని లేదు.

యజమానులే నయం!

అలాగని ఆ కబుర్లన్నీ గాలిమాటలేం కావు. ప్రెజర్ పరీక్షలో అంకె తగ్గిందని వెంటనే సిలిండర్ విప్పొద్దనీ, సన్నటి కెమెరా గొట్టం... అదే బోర్‌స్కోప్‌తో లోపల చూడాలనీ చెప్పే యజమానులున్నారు. ఆ మాటకు ఆధారం ఉంది. ఆ పరీక్షతో పాటు బోర్‌స్కోప్‌తోనూ చూడాలని కాంటినెంటల్ సంస్థ 2003లో బులెటిన్ ఇచ్చింది.

'బాగా నడిచేదాన్ని కెలకొద్దు' అన్న మాటకూ చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ కోస్టల్ కమాండ్ విమానాల లెక్కలను వాడింగ్టన్ అనే శాస్త్రవేత్త బృందం పరిశీలించింది. తనిఖీ అయిన వెంటనే మరమ్మతులు ఎక్కువగా వస్తున్నాయని తేలింది. 1973లో ఆ వివరాలు పుస్తకంగా వచ్చాయి. అయితే అవి యుద్ధ విమానాల లెక్కలు. వాటిని చూపించి అసలు తనిఖీయే వద్దంటే మాత్రం నమ్మకూడదు.

మాట పట్టండి... మనిషిని కాదు

లైకమింగ్ 360 రకం ఇంజిన్లు చాలావాటికి 2,000 గంటలకు ఓవర్‌హాల్ చేయాలని కంపెనీ సూచిస్తుంది. సొంతానికి వాడుకునేవాళ్లకు అది తప్పనిసరి కాదు. మూడువేల గంటలు నడిపినవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. మధ్యలో ఇంజిన్ పాడై విమానం అమ్ముకున్నాయన ఆ కుర్చీల్లో ఉండడు. అతని కథా వినిపించదు.

అందుకే బొనాంజా యజమానులు 1967లో పెట్టుకున్న సంఘమైనా, గుడారం ముందు నలుగురి గుంపైనా కొలత ఒకటే. ఏ మోడల్ ఇంజిన్, ఎన్ని గంటలు నడిచింది, ఏం కొలిచారు అన్నది చెబుతున్నారా? చెడిన ఇంజిన్ల సంగతీ దాచకుండా చెబుతున్నారా? కంపెనీ కాగితంతో తేడా వస్తే ఎందుకో వివరిస్తున్నారా? సలహా చెప్పేవాళ్లు ఏదైనా అమ్ముతున్నారా?

చివరిది ముఖ్యం. యజమాని తనే చేసుకోగల చిన్న పనులు తప్ప, మిగతావాటికి లాగ్‌బుక్‌లో సంతకం పెట్టేది లైసెన్స్ ఉన్న మెకానిక్. 'మీ మెకానిక్‌కి చూపించండి' అన్నవాళ్ల దగ్గర ఇంకాసేపు కూర్చోవచ్చు. 'ఆయనకేం తెలుసు' అన్నచోట మాత్రం... కుర్చీ మడిచేయడమే మంచిది!