కాపీ మధ్యలో ఆగిపోయిన పాట



పోస్టు కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి. మా గదిలో మేము చేసిన ఒక తప్పు, దానివల్ల పోయిన ఒక పాట, తర్వాత తెలుసుకున్న సంగతి చెప్పడానికి రాస్తున్నాం. ఫోన్లలో నానమ్మల పాటలు, తాతల కథలు రికార్డు చేసి పెట్టుకున్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. వాళ్లకైనా ఇది పనికొస్తుందని ఆశ.

మా గదిలో మేము ముగ్గురం. ఒకరిది అరకు వైపు, ఒకరిది చింతూరు వైపు, ఒకరిది సీతంపేట వైపు. ఇళ్లలో మూడు భాషలు, గదిలో తెలుగు. మూడిళ్లలోనూ కాలేజీకి వచ్చినవాళ్లం మేమే మొదలు. ఇంటర్ దాకా మాలో ఎవరికీ సొంతంగా కంప్యూటర్ లేదు. ఇప్పుడు ముగ్గురికీ కలిపి ఒక ల్యాప్‌టాప్ ఉంది.

ఫోన్లు నిండిపోతున్నాయని ఒక పెట్టె తయారు చేసుకున్నాం. చదువు ముగించి వెళ్తూ ఒక సీనియర్ అన్న తన రాస్‌ప్‌బెర్రీ పై 4 బోర్డు మాకిచ్చి వెళ్లాడు. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ అది. తలా కొంత వేసుకొని 2 టీబీ పోర్టబుల్ హార్డ్‌డిస్క్ కొన్నాం. రిపేరు షాపులో పాత రౌటర్ ఒకటి దొరికింది. బోర్డుకు డిస్క్ తగిలించి, అందులో సాంబా అనే ఉచిత ప్రోగ్రాం వేస్తే, గదిలో ఉన్న ఏ ఫోన్ నుంచైనా, ల్యాప్‌టాప్ నుంచైనా అందులో ఫైళ్లు దాచుకోవచ్చు. దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు, డేటా ప్యాక్ అక్కర్లేదు. గదిలో పెట్టుకున్న ఉమ్మడి గాదె అనుకోండి. పోటీ పరీక్షల పీడీఎఫ్‌లు, క్లాసుల వీడియోలు, ఇంటి దగ్గర పోడు పట్టా కాగితాల ఫొటోలు, కుల ధ్రువపత్రాలు అన్నీ అందులోనే పెట్టాం.

పాటలు కూడా. చైత్రంలో ఇటుకల పండక్కి అరకు వైపు వెళ్లినప్పుడు చాలా రికార్డు చేసుకున్నాం. ఆడవాళ్లు దారికి కర్ర అడ్డం పెట్టి డబ్బులడుగుతూ పాడినవి, థింసా ఆడేటప్పటివి. ఒక రాత్రి మాలో చిన్నవాడి నానమ్మ, ఆమె చెల్లెలు పొయ్యి దగ్గర కూర్చొని సామలు దంచేటప్పుడు పాడుకునే పాట పాడారు. ఒకరు అంటే ఒకరు అందుకునే పాట. పద్నాలుగు నిమిషాలు. వానాకాలం మొదట్లో ఆ చిన్ననానమ్మ జ్వరమొచ్చి పోయింది.

ఇక పెట్టె సంగతి. పీడీఎఫ్‌లు వేస్తే చకచకా వెళ్లేవి. పెద్ద వీడియో వేస్తే మొదటి మూడు నాలుగు వందల ఎంబీ బాగానే వెళ్లి, స్పీడు పడిపోయి, సున్నా దగ్గర నిలబడేది. ఆ సమయంలో వేరే ఫోల్డర్ కూడా తెరుచుకోదు. కాసేపటికి ఒక్కోసారి తనే కదిలేది. ఒక్కోసారి ఆ నెట్‌వర్క్ పేరు ఇప్పుడు అందుబాటులో లేదని చెప్పి ఆగిపోయేది. అప్పుడు మేము చేసే వైద్యం ఒక్కటే. ప్లగ్గు పీకి మళ్లీ పెట్టడం.

ఆగస్టులో ఒక రాత్రి ల్యాప్‌టాప్‌లో ఉన్న పండగ ఫోల్డర్ మొత్తాన్ని పెట్టెలోకి పంపాం. కాపీ కాదు, కట్ చేసి పేస్ట్ చేశాం. ల్యాప్‌టాప్‌లో ఖాళీ లేదు మరి. ముందు పాటలు వెళ్లాయి, తర్వాత వీడియోలు మొదలయ్యాయి. ఎప్పటిలాగే మధ్యలో బిగుసుకుపోయింది. ప్లగ్గు పీకాం. పీకింది ఎవరో రాయం. ముగ్గురం పక్కనే ఉన్నాం, పీకమని ముగ్గురం అన్నాం.

మళ్లీ ఆన్ చేసి చూస్తే పాటల పేర్లు ఉన్నాయి. సైజు దగ్గర సున్నా. నానమ్మల పాట కూడా సున్నా.

ఎందుకలా అయిందో అప్పుడు తెలియదు, తర్వాత చదివి తెలుసుకున్నాం. గిరిజన సహకార సంస్థ డిపోకు చింతపండు బస్తాలు తెచ్చినప్పుడు ముందు వరండాలో దించుతాం కదా. తర్వాత ఒక్కొక్కటీ లోపలి గోడౌన్లోకి వెళ్తాయి. ఈ పెట్టె కూడా అంతే. వచ్చిన ఫైలును ముందు ర్యాంలో పెట్టుకొని, అందిందని ల్యాప్‌టాప్‌కు చెప్పేస్తుంది. తర్వాత తీరిగ్గా డిస్క్ మీద రాస్తుంది. కట్ చేసి పంపితే, అందింది అన్న మాట వినగానే ల్యాప్‌టాప్ తన దగ్గరున్న ఫైలును తీసేస్తుంది. ఆ రాత్రి మా పాటలు ఇంకా వరండాలోనే ఉన్నాయి. డిస్క్ వాటిని తీసుకోవడం లేదు. మేము ప్లగ్గు పీకాం. కరెంటు పోతే ర్యాంలో ఏదీ మిగలదు.

చిన్న ఫైళ్లు ఎందుకు ఇబ్బంది పెట్టలేదో కూడా అప్పుడే అర్థమైంది. అవి వరండాలోనే సరిపోయేవి. పెద్ద ఫైలు వచ్చి వరండా నిండాకే లోపల గడబిడ ఉందని మాకు కనిపించేది.

ల్యాప్‌టాప్‌లో వెతికితే ఏమీ దొరకలేదు. అందులో ఉన్నది ఎస్‌ఎస్‌డీ, డిలీట్ అయినవాటిని మామూలుగా అది తనే తుడిచేసుకుంటుంది. పాట మొదట రికార్డు చేసిన ఫోన్ మెమరీ కార్డు తీసి ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాంతో వెతికాం. ఆ కార్డు మీద అప్పటికే రెండు నెలల క్లాసు వీడియోలు ఎక్కేశాయి. మిగతా పాటల్లో కొన్ని దొరికాయి. నానమ్మల పాటలో మొదటి 40 సెకన్లు దొరికాయి.

ఆ వారం గదిలో మాటల్లేవు. మనకెందుకురా ఈ కంప్యూటర్లు, తెలిసినవాళ్లు చేయాల్సిన పనులివి, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే పోయేది కదా అనుకున్నాం. ఈ మాట మీలో చాలామందికి తెలిసిందే. ఏది పాడైనా ముందు మన చేతకానితనమే అని మనసులో పడిపోతుంది. మేమూ పెట్టెను మంచం కింద తోసేశాం.

పది రోజులయ్యాక చిన్నవాడే బయటికి తీశాడు. "అసలు ఎందుకు ఆగుతోందో తెలియాలి కదా అన్నా" అన్నాడు. ఈసారి ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాం. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, ఏం జరిగిందో రాయాలి అని నియమం పెట్టుకున్నాం.

మొదటి అనుమానం వైఫై మీద. ల్యాప్‌టాప్‌ను రౌటర్‌కు కేబుల్‌తో కలిపాం. స్పీడు పెరిగింది, కానీ ఇంకా తొందరగా ఆగింది. అది వింతగా అనిపించి రాసుకున్నాం.

రెండోది నెట్‌వర్క్. ఐపెర్ఫ్ అనే ప్రోగ్రాం డిస్క్‌ను ముట్టుకోకుండా ల్యాప్‌టాప్‌కూ బోర్డుకూ మధ్య డేటా పంపి చూస్తుంది. పది నిమిషాలు నడిపాం. పాత రౌటర్ కాబట్టి సెకనుకు 94 మెగాబిట్లు వచ్చింది, అంటే 11 మెగాబైట్లకు కాస్త ఎక్కువ. ఒక్కసారి కూడా ఆగలేదు. దారి బాగానే ఉంది.

మూడోది డిస్క్. నెట్‌వర్క్ ఏమీ లేకుండా, బోర్డు నుంచే డిస్క్ మీద 4 జీబీ ఫైలు రాయించాం. ఆగిపోయింది! ఇన్నాళ్లూ మేము నెట్‌వర్క్‌ను తిట్టుకున్నాం, దాని తప్పేం లేదు.

అయితే డిస్క్ పోయిందేమో అని భయపడ్డాం. అదే డిస్క్‌ను, అదే కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు నేరుగా తగిలించి అదే 4 జీబీ రాశాం. ఆగకుండా వెళ్లింది. డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్టులో కూడా చెడిపోయిన సెక్టార్లు సున్నా. నెట్‌వర్క్ మంచిదే, డిస్క్ మంచిదే, కేబుల్ మంచిదే. ఇక ఏముంది? పెద్దవాళ్లం ఇద్దరం మళ్లీ అంతా ఫార్మాట్ చేసి మొదటినుంచి వేద్దామని కూర్చున్నాం.

చిన్నవాడు పెట్టె పక్కన నేల మీద బోర్లా పడుకొని దాన్నే చూస్తున్నాడు. "అన్నా, డిస్క్ మీద రాసేటప్పుడల్లా ఈ ఎర్రలైటు పోయి వస్తోంది. మా ఊళ్లో పిండిమిల్లు వేస్తే బల్బు పోయినట్టు" అన్నాడు.

ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. లో ఓల్టేజీ! ఇది మనకు ఎవరు నేర్పాలి? మోటారు గుర్రుమంటుంది గానీ నీళ్లు ఎక్కవు. పిండిమిల్లు ఆపితే ఇంట్లో టీవీ వస్తుంది. చిన్నప్పటినుంచి చూసిందే.

తర్వాత చదివితే తెలిసింది, ఆ బోర్డులో ఎర్రలైటు ఉన్నదే అందుకు. వచ్చే కరెంటు 4.63 ఓల్టుల కిందికి దిగితే ఆ లైటు ఆరుతుంది. బోర్డు లాగ్‌లో వెతికితే అండర్‌వోల్టేజ్ అని వరసగా లైన్లు, వాటి పక్కనే డిస్క్ ఊడి మళ్లీ తగిలినట్టు లైన్లు. కరెంటు స్థితి చెప్పే వీసీజెన్‌సీఎండీ అనే కమాండ్ ఇస్తే 50005 అని వచ్చింది. ఇప్పుడు ఓల్టేజీ తక్కువగా ఉంది, ఇంతకుముందూ తగ్గింది, అందుకే బోర్డు వేగం తగ్గించుకుంటోంది అని ఆ అంకెకు అర్థం. అన్ని రోజులూ అది చెప్తూనే ఉంది, మేము అడగలేదు.

మేము వాడింది ఫోన్ చార్జర్. దాని మీద 33 వాట్లని ఉంది, చాలా పెద్దది కదా అనుకున్నాం. అలాంటి చార్జర్లు చాలావరకు తమ సొంత ఫోన్ను గుర్తుపట్టినప్పుడే ఆ పూర్తి బలం ఇస్తాయి. మామూలు 5 ఓల్టుల దగ్గర మాది ఇచ్చేది 2 ఆంపియర్లే. ఆ బోర్డుకు చెప్పిన అడాప్టర్ 5.1 ఓల్టులు, 3 ఆంపియర్లది. పైగా మా వైరు పొడుగు, సన్నం. దారిలో ఇంకొంత ఓల్టేజీ పోతుంది. బోర్డు ఊరికే ఉన్నప్పుడు అది సరిపోయేది. డిస్క్ గట్టిగా రాయడం మొదలుపెట్టి ఎక్కువ కరెంటు లాగితే సరిపోయేది కాదు. డిస్క్ క్షణం పాటు ఊడిపోయేది, బోర్డు దానికోసం ఎదురుచూస్తూ నిలబడిపోయేది, ఫోల్డర్ తెరవమన్న మేమూ నిలబడేవాళ్లం. కేబుల్ పెట్టాక ఇంకా తొందరగా ఎందుకు ఆగిందో కూడా అర్థమైంది. వరండా తొందరగా నిండింది, అంతే.

సరైన అడాప్టర్ కొన్నాం. డిస్క్‌కు విడిగా కరెంటు ఇచ్చే యూఎస్‌బీ హబ్ ఒకటి పెట్టాం, ఎందుకంటే ఆ బోర్డు యూఎస్‌బీ పోర్టులన్నీ కలిపి 1.2 ఆంపియర్లే ఇస్తాయి. రాత్రి 60 జీబీ కాపీ పెట్టి పడుకున్నాం. పడుకున్నాం అన్నమాటే గానీ వంతులవారీగా లేచి ఎర్రలైటు చూశాం. తెల్లారేసరికి అంతా వెళ్లిపోయింది. కమాండ్ ఇస్తే సున్నా.

దసరా సెలవులకు ఆ 40 సెకన్లు పట్టుకొని నానమ్మ దగ్గరికి వెళ్లాం. జరిగింది దాచకుండా చెప్పాం. రెండుసార్లు విన్నది. మళ్లీ పాడతావా నానమ్మా అంటే, "నేను అంటాను సరే, అందుకునేది ఎవరురా?" అంది. మాకు జవాబు లేదు. లోపల అన్నం వార్చుతున్న చిన్నవాడి అమ్మ అక్కడినుంచే ఒక లైను అందుకుంది. ఆమెకు నాలుగు లైన్లు వచ్చు. ఆ నాలుగే ఇద్దరూ పాడారు. పద్నాలుగు నిమిషాల పాటలో మా దగ్గర ఇప్పుడున్నవి ఆ 40 సెకన్లు, ఈ నాలుగు లైన్లు.

అందుకని మీకు చెప్పేవి ఇవి:

1. పాటలు, పట్టా కాగితాలు ఎప్పుడూ కట్ చేయొద్దు. కాపీ చేయండి. కాపీ అయినదాన్ని తెరిచి, చివరిదాకా విని, అప్పుడు మాత్రమే పాతది తీసేయండి.
2. కాపీ మధ్యలో బిగుసుకుపోతే ప్లగ్గు పీకొద్దు. తనే తేరుకుంటుందేమో కాసేపు ఆగి చూడండి, కుదిరితే షట్‌డౌన్ ఇచ్చి ఆపండి.
3. పెట్టె ఒకటి ఉంటే సరిపోదు. ఇంకో కాపీ ఇంకో ఊళ్లో ఉండాలి. మాది ఇప్పుడు చింతూరులో ఒకటి ఉంది.
4. ఆగిపోతే ముందు దారిని, తర్వాత డిస్క్‌ను విడివిడిగా పరీక్షించండి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. రాసుకోండి.
5. చార్జర్ మీద వాట్లు చూసి మోసపోవద్దు. 5 ఓల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లో చదవండి.
6. ఏదైనా పొరపాటున డిలీట్ అయితే ఆ కార్డును వెంటనే ఫోన్లోంచి తీసేయండి. దాని మీద ఇంకేమీ రాయకపోతే దొరికే అవకాశం ఎక్కువ.

ఇంకొకటి నంబరు వేయకుండా చెప్తాం. మాకు తెలియదనుకొని పెట్టెను మంచం కింద తోసిన ఆ పది రోజులూ, దాని జబ్బు పేరు మాకు తెలుసు. ఊళ్లో రోజూ చూసిన జబ్బే అది. ఏదైనా పాడైతే చేతకాదని ముందే అనుకోకండి. ఒకసారి బోర్లా పడుకొని చూడండి.

మీ ఇంట్లో అందుకునేవాళ్లు ఉన్నప్పుడే రికార్డు చేయండి. ఎలా దాచాలో తెలియకపోతే గ్రూపులో అడగండి, మాకు తెలిసినంత చెప్తాం.

జై ఆదివాసీ. జోహార్.