క్యాష్ గేమా, టోర్నమెంటా?

మాది కర్నూలు జిల్లా కోడుమూరు. గోవాలో ఒక క్యాసినో పోకర్ గదిలో డీలర్‌ని. మన సీమ నుంచి వచ్చినవాళ్లు నా యాస పట్టి, "క్యాష్ గేమా, టోర్నమెంటా, యాడ కూర్చుంటే మేలన్నా?" అని అడుగుతుంటారు. బల్ల దగ్గర డీలర్ సలహా ఇవ్వకూడదు. అందుకే ఇక్కడ చెప్తున్నా.

క్యాష్ గేమ్‌లో చిప్ అంటే డబ్బే. ఎప్పుడైనా లేచి మార్చుకుని పోవచ్చు. ముప్పూ అక్కడే ఉంది: పోగొట్టుకున్నవాడు మళ్లీ జేబులో చెయ్యి పెట్టొచ్చు. పోయింది రాబట్టాలనే పంతంతో తెల్లారేదాకా కూర్చున్నవాళ్లకు ముక్కలు పంచాను. పైగా పాట్‌లోంచి, అంటే బల్ల మధ్య పోగైన పందెం సొమ్ములోంచి, క్యాసినో తన వాటా (రేక్) తీసుకుంటుంది. ఆ చిప్పులు పెట్టెలో వేసేది నేనే గనక, గంటలు గడిచేకొద్దీ బల్ల మీది సొమ్ము తరగడం నాకు తెలుస్తుంది.

టోర్నమెంట్‌లో 5,000 కడితే పోయేది ఆ 5,000 మాత్రమే. కానీ వందమంది ఆడితే సాధారణంగా పది పదిహేనుమందికే బహుమతి. అందులోనూ పెద్ద భాగం మొదటి ముగ్గురిదే. బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే కట్టాల్సిన పందేలు, పెరుగుతూ పోతాయి; మంచి ముక్కల కోసం కాచుకుని కూర్చుంటే చిప్పులు కరిగిపోతాయి. బహుమతి హద్దు దగ్గర లెక్క ఇంకా మారుతుంది. చిప్పులు రెట్టింపైనా వచ్చే డబ్బు రెట్టింపు కాదు, పోతే మాత్రం ఆటే పోతుంది. క్యాష్‌లో నిశ్చింతగా వేసే పందెం ఇక్కడ ఆపుకోవాలి. చెయ్యి తిరిగిన క్యాష్ ఆటగాళ్లు సైతం ఇక్కడే దెబ్బతింటారు.

మా ఊరి ఉల్లి సాగూ టోర్నమెంట్ లాంటిదే. పెట్టుబడంతా ముందే పెట్టాలి. ఫలితం కర్నూలు మార్కెట్ యార్డులో తేలుతుంది. 2025లో ధర పడిపోయి, ప్రభుత్వమే క్వింటా 1,200కు కొనాల్సి వచ్చింది. ఒక మంచి ఏడు అన్ని చెడ్డ ఏళ్లనూ పూడ్చాలి. మంచి టోర్నమెంట్ ఆటగాడు కూడా నెలల తరబడి బహుమతి చూడకపోవచ్చు. అన్నాళ్లు తట్టుకునే సొమ్ము, ఇంటి ఖర్చుతో సంబంధం లేనిది, విడిగా ఉండాలి. పైగా గెలిచినదానిపై 30 శాతం పన్ను, పైన సెస్సు. ఓడిన ఎంట్రీలను అందులోంచి తీసెయ్యడానికి చట్టం ఒప్పుకోదు.

కొత్తవాళ్లకు చిన్న ఎంట్రీ టోర్నమెంటే మేలు, అదీ ఓడాక మళ్లీ డబ్బు కట్టి చేరే రీ-ఎంట్రీ జోలికి పోనంటేనే. పంట డబ్బో, అప్పు డబ్బో తెచ్చుకున్నవాళ్లు మాత్రం ఏ బల్ల దగ్గరా కూర్చోవద్దు. ఊరికి తిరుగు బస్సెక్కండి.