నాన్నమ్మను నవ్వించిన భానుమతి గారు

మేము అక్కాతమ్ముళ్ళం. నాన్నగారికి టికియాపారా కార్‌షెడ్‌లో ఉద్యోగం. బడిలో హిందీ, వీధిలో బెంగాలీ. తెలుగు మాట్లాడేవాళ్ళం గానీ చదవడం వచ్చేది కాదు.

చూపు మందగించాక నాన్నమ్మ తన పాత పుస్తకం మా చేతిలో పెట్టి "చదవండర్రా" అంది. అది భానుమతి రామకృష్ణ గారి 'అత్తగారి కథలు'. అమ్మ దగ్గర అక్షరాలు నేర్చుకుని, కూడబలుక్కుంటూ చదివాం. ఆ అత్తగారి మడి, పొదుపు, ఆవకాయ హడావిడి వింటూ అందరికన్నా ఎక్కువ నవ్వింది నాన్నమ్మే. "అచ్చం నేనే!" అనేది. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

భానుమతి గారు నటి, గాయని, రచయిత్రి, దర్శకురాలు. 'మల్లీశ్వరి' (1951)లో తన పాటలు తానే పాడారు. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ మూడింటిలోనూ తానే తీశారు. మూడు భాషల మధ్య తికమకపడే మాకు అది ఎంతో ధైర్యం. 2001లో పద్మభూషణ్ అందుకుని, 2005 డిసెంబరు 24న చెన్నైలో కన్నుమూశారు.

ఆమెను మేము చూడలేదు. ఇప్పుడు నాన్నమ్మా లేదు. నాన్నగారికి మళ్ళీ బదిలీ అయింది. సామాన్లు కట్టేటప్పుడు ఆ పుస్తకాన్ని పెట్టెలో వేయనివ్వలేదు, మా బడిసంచిలోనే పెట్టుకున్నాం. రైల్లో అమ్మకు చదివి వినిపిస్తాం.