గడువు తీరిన పేరు

వెబ్‌సైటు పేరు కొన్నామని అందరం అంటాం గాని, నిజానికి ఆ పేరును యెవరూ కొనలేరు. అది కౌలు. రైతుబిడ్డలకు యీ మాట వెంటనే అర్థమవుతుంది. మా పల్నాట కౌళ్ళు ఉగాదికి ఉగాదికి మారుతుంటాయి. 2019 లో మన రాష్ట్రంలో వచ్చిన పంటసాగుదారుల హక్కుల చట్టం ప్రకారం రాసుకునే ఒప్పందానికి గడువు 11 నెలలు. డాట్ కామ్ పేరుకు ఒకేసారి పొందగల గరిష్ఠ గడువు 10 సంవత్సరాలు. యెంతటి కోటీశ్వరుడికైనా అంతకు మించి యివ్వరు. గడువులోగా మళ్ళీ రుసుము కడితే పేరు మన చేతిలో వుంటుంది. కట్టకపోతే బీడు పడుతుంది. ఆ పైన యెవరు ముందొస్తే వాళ్ళది.

యీ సంగతులు నేను క్లాసులో నేర్చుకున్నవి కావు. మాది గురజాల దగ్గర ఒక పల్లె. సాగర్ కుడికాలువ నీళ్ళ మీద మిర్చి, పత్తి వేసుకుని బతికే కుటుంబం. మా నాయన, మరో పదకొండుమంది రైతులు కలిసి, పండిన మిర్చి అంతా గుంటూరు యార్డుకు తోలకుండా కొంత కారం పట్టించి పొట్లాలు కట్టి అమ్ముదామని 2024 లో తలపెట్టారు. పొట్లం మీద అచ్చువేసుకోడానికి, ఫోనులో వెతికితే కనపడడానికి ఒక పేరు కావాల్సి వచ్చింది. అందరికీ నచ్చిన పేరు ఒకటుంది. కాని అది అప్పటికే యింకొకరిది. దాచేపల్లి వైపు ఒక వూరి రైతులు ఆ పేరుతోనే కొన్నాళ్ళు కారం అమ్మారు. వాళ్ళ పేజీ తెరిస్తే యేమీ రావడం లేదు. వివరాలు వెతికితే, సెప్టెంబరులోనే ఆ పేరు గడువు తీరినట్టు తెలిసింది.

మా జట్టు యిళ్ళల్లో బి.యస్సీ. చదివేవాణ్ణి నేనొక్కణ్ణే గనుక ఆ పని నాకు అప్పజెప్పారు. "ఆళ్ళ గడువు అయిపోయిందంటగా అబ్బాయ్, ఇంకేంది? రేపే మన పేరున ఏపిచ్చెయ్" అన్నాడు మా బాబాయి.

రేపే కుదిరే పని కాదది. గడువు తీరిన మర్నాడే పేరు బజారున పడదు. ముందుగా, పేర్లు నమోదుచేసే కంపెనీ పాత యజమానికి కొంత వ్యవధి యివ్వవచ్చు. డాట్ కామ్ విషయంలో యిది 45 రోజుల దాకా వుండవచ్చు. ఆ రోజుల్లో సాధారణంగా మామూలు రుసుముతోనే పేరు నిలబెట్టుకోవచ్చు. కొన్ని కంపెనీలు యీ దశలోనే పేరును వేలానికి కూడా పెడతాయి. అప్పటికీ యెవరూ పట్టించుకోకపోతే కంపెనీ ఆ పేరును వదిలేస్తుంది. అప్పటినుంచి 30 రోజులు విమోచన దశ. తాకట్టు విడిపించుకున్నట్టు, పాత యజమాని ఒక్కడే, మామూలు కంటే బాగా యెక్కువ సొమ్ము కట్టి, దాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు. అదీ దాటితే 5 రోజులు పేరు యెవరిదీ కాదు. పాత యజమాని కూడా తాకలేడు. ఆ తరువాత పట్టికలోంచి చెరిగిపోతుంది. చెరిగిన క్షణం నుంచి ప్రపంచంలో యెవరైనా దాన్ని అడగవచ్చు. గిరాకీ వున్న పేర్ల కోసం కొన్ని కంపెనీలు యంత్రాలను కాపలా పెట్టి, సెకనులో కొద్ది వంతులోనే ఎగరేసుకుపోతాయి. ముందుగా డబ్బిచ్చి వాళ్ళకు ఆ పని పురమాయించనూవచ్చు.

పేరున్నవాళ్ళకు యీ పాట్లు తప్పలేదు. 1999 డిసెంబరులో మైక్రోసాఫ్టు వారు తమ పాస్‌పోర్ట్ డాట్ కామ్ కు రుసుము కట్టడం మరిచారు. ఆ పేరు మీద ఆధారపడ్డ హాట్‌మెయిల్ చాలామందికి తెరుచుకోలేదు. అమెరికాలో మైకేల్ చేనీ అనే ప్రోగ్రామరు అది గమనించి, తన జేబులోంచి 35 డాలర్లు కట్టి పేరు నిలబెట్టాడు. 2018 ఫిబ్రవరిలో మన క్రికెట్ జట్టు దక్షిణాఫ్రికాలో ఆడుతుండగా మన క్రికెట్ బోర్డు వెబ్‌సైటు పేరు గడువు తీరి, వేలానికి వెళ్ళింది. డబ్బు లేక పేరు పోదు. చూసేవాడు లేక పోతుంది.

అలాగని గడువు తీరిన ప్రతి పేరూ దొరికినవాడిదై పోదు. సిఫీ పేరు మీద నడిచిన వ్యాజ్యంలో, మన హైదరాబాదు సత్యం కుటుంబానికి చెందిన సత్యం ఇన్ఫోవే పక్షాన 2004 లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వ్యాపారానికి గుర్తుగా నిలిచిన వెబ్‌సైటు పేరుకు కూడా ట్రేడ్‌మార్కు మాదిరి రక్షణ వుంటుందని ఆ తీర్పు సారం. కాని మా వంటి పల్లెటూరి జట్లకు ట్రేడ్‌మార్కులెక్కడివి? కోర్టులెక్కడివి?

యిదంతా నేను ఒక కాయితం మీద గీసి ఇంట్లో వివరించాను. అందరూ తారీఖులు లెక్కపెట్టారు. మా నాయన మాత్రం వేరే మాట అడిగాడు: "ఆ పేరు బీడు పడిందా? లేకపోతే సాగుచేసేవాడికి కష్టమొచ్చి ఆగిందా? ముందు అది కనుక్కోరా."

ఆయన అట్లా అడగడానికి కారణముంది. మేం కౌలుకు చేసుకుంటున్న మూడెకరాల చేను 2022 ఉగాదికి మా చేతిలోంచి పోయింది. అంతకు ముందే మా నాయన అప్పుచేసి ఆ చేలో చెరువుమట్టి తోలించి వున్నాడు. గడువు తీరడానికి వారం ముందు ఒకాయన యెకరానికి అయిదువేలు పైన యిస్తానన్నాడు; ఆసామి ఒప్పుకున్నాడు. చట్టప్రకారం యిద్దరిదీ తప్పు లేదు. ఆ యేడు మా మట్టి మీద యెవరో పంట తీసుకున్నారు. మా అమ్మ యీనాటికీ ఆ దారిన కూలికి పోదు.

పైగా మాది గురజాల సీమ. పన్నెండో శతాబ్దంలో నలగామరాజు యేలిన వూరది. కోడిపందెంలో ఓడిన మాచర్లవాళ్ళు ఏడేండ్లు దేశం విడిచి పోవాలన్నది ఒప్పందం. గడువు ముగించుకుని వచ్చి తమ రాజ్యం తమకిమ్మంటే గురజాల కాదన్నది. ఆ కాదన్నమాటే కారంపూడి రణరంగానికి దారితీసిందని మా పెద్దలు యిప్పటికీ చెబుతారు. గడువు అనే మాటకు మా వూళ్ళల్లో అంత బరువుంది.

కార్తీకమాసంలో, పేరు యింకా విమోచన దశలో వుండగానే, నేను దాచేపల్లి బస్సెక్కాను. వెతగ్గా వెతగ్గా ఆ జట్టు పెద్ద దొరికాడు. నలభై దాటిన మనిషి. 2021-22 లో నల్లతామర పురుగు మిర్చిని తుడిచిపెట్టినప్పుడు వాళ్ళ జట్టు చెదిరిపోయిందట. పేరు నమోదుచేయించిన కుర్రాడు హైదరాబాదు వెళ్ళిపోయాడు. గడువుకు నెల ముందొకటి, వారం ముందొకటి హెచ్చరికలు పంపాలని నియమమైతే వుంది. కాని అవి ఆ కుర్రాడు తెరవని మెయిలుకు వెళ్ళాయి. వీళ్ళకు యేదీ తెలియదు.

యింకా వ్యవధి వుందని, సొమ్ము కట్టి విడిపించుకోవచ్చని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: "కట్టి ఏం జేసుకుంటాం బాబూ? అమ్మటానికి కారం లేదు, జట్టూ లేదు. ఎవరో ఊరూ పేరూ లేనోడు తీసుకునే కంటే మీరు తీసుకుంటేనే నయం. ఒక్క మాట. మా పాత బేరగాళ్ళు ఆ పేరు చూసి మీకు ఫోన్లు చేస్తారు. మేమే అనుకుంటారు. కాదని చెప్పండి. చెప్పినాక ఆళ్ళిష్టం."

ఆ మాటతో నాకొక విషయం తెలిసివచ్చింది. మేం తీసుకోబోతున్నది నాలుగక్షరాలు కాదు, వాళ్ళు నాలుగేళ్ళు కల్తీ లేకుండా అమ్మి సంపాదించిన నమ్మకం. చెరువుమట్టి లాంటిది.

డిసెంబరులో ఒక రాత్రి, పన్నెండు దాటిన తరువాత, ఆ పేరు పట్టికలోంచి చెరిగింది. మా వూరి కారం పేరు కోసం యే యంత్రమూ కాపలా కాయలేదు. మామూలు రుసుము, వెయ్యి రూపాయల అటూ యిటూ, కట్టాను. పేరు మాకు వచ్చింది. మరుసటి యేడు పొట్లాలు అమ్మకానికి పెట్టగానే హైదరాబాదునుంచి ఒకామె ఫోనుచేసి, యెప్పటిలాగే రెండు కిలోలు పంపమంది. మా నాయన ఫోను తీసుకుని, "అమ్మా, మేం ఆళ్ళం కాదు. పేరు అదే, మనుషులం వేరు" అని చెప్పాడు. ఆమె కాసేపు ఆలోచించి, "అయితే అరకిలో పంపండి, చూస్తాను" అంది. మాకు దక్కవలసిన నమ్మకం ఆ అరకిలోనే. మిగతా కిలోన్నర మేం సంపాదించుకోవాలి.

విద్యార్థి మిత్రులారా! మనం కూడా యేటేటా ఉత్సవాలకూ, సంఘాలకూ పేర్లు నమోదు చేయిస్తాం. చేయించినవాడు మూడేళ్ళకు డిగ్రీ పుచ్చుకుని వెళ్ళిపోతాడు. పేరు ఒక మనిషి మెయిలు మీద గాక సంఘం మెయిలు మీద వుండాలి. తాళం యిద్దరి దగ్గర వుండాలి. లేకపోతే రేపు మన సర్టిఫికెట్ల మీద అచ్చయిన పేరు తెరిస్తే జూదం ప్రకటనలు కనపడవచ్చు. పాత పేర్లకు వచ్చే జనం కోసమే వాటిని పట్టుకుని అట్లా వాడుకునేవాళ్ళు వున్నారు.

రెండో మాట: గడువు తీరిన పేరు మీ కంటబడితే, తీసుకునే ముందు ఒక్కసారి ఆ పాత మనిషిని పలకరించండి. అట్లా అడగాలని యే నియమమూ లేదు. అడిగితే అయ్యేది ఒక బస్సు టిక్కెట్టు ఖర్చు. మా యింట్లో యిప్పుడు పంచాంగం మీద రెండు తారీఖులకు సున్నా చుట్టి వుంటుంది. ఒకటి ఉగాది, రెండోది డిసెంబరులో ఆ పేరుకు రుసుము కట్టవలసిన రోజు. రెండూ మా నాయనే చుడతాడు.