ముతకధాన్యమను మాట



మాట మారినంతనే ధర మారునా యని మీరడుగవచ్చును. మారుననియే నా యనుభవము.

పాలమూరులోని మా యింటికి పనికి వచ్చు నొక యవ్వ కలదు. ఆమెది దేవరకద్ర దిక్కు పల్లె. చిన్ననాట చెలకలలో జొన్న కోసినది, రోటిలో కొర్రలు దంచినది. నిరుడామెకు మధుమేహమని తేలెను. వైద్యుడు మందులు వ్రాసి, అన్నము తగ్గించి “మిల్లెట్స్” తినుమని చెప్పెనట. ఆమె వచ్చి నన్నడిగినది: “అమ్మా, మిల్లెట్లంటే ఏం గోలీలు? మస్తు పిరమంటున్నరు. ఏ దుకాణంల దొరుకుతయి?”

“అవ్వా, అవి గోలీలు కావు. నీవు దంచిన కొర్రలే, నీవు కోసిన జొన్నలే” యంటిని. ఆమె నమ్మలేదు. “అవి గరీబోల్ల తిండి గదమ్మా! డాక్టరుసారు అవెందుకు తినుమంటడు?” అనినది.

ఆ ప్రశ్న నన్ను చాలదినములు విడువలేదు. జనుల నోటి భాష యొకటి, వారి మేలుకీడులు నిర్ణయించు భాష వేరొకటి యగుట మన సీమకు క్రొత్త గాదు. నిజాము కాలమున కచేరీ భాష ఉర్దూ. తన పొలము కాగితమును తానే చదువుకొనజాలని రైతులెందరో యుండిరి. మన జిల్లాలవారు దీనిని చూచుచు నూరకుండలేదు. 1922లో నల్లగొండనుండి ‘నీలగిరి పత్రిక’ వెలువడెను. పాలమూరు బిడ్డయగు సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో ‘గోలకొండ పత్రిక’ను స్థాపించిరి. 1931లో ఆంధ్రమహాసభ దేవరకొండలో జరిగెను. నేడు కచేరీలో తెలుగున్నది. కాని అవ్వ ప్రాణమునకు సంబంధించిన మాట మరల పరభాషలోనే యున్నది.

మన ధాన్యముల కథ చూడుడు. ప్రభుత్వపు లెక్కలలో జొన్న, సజ్జ, తైదలకు చిరకాలము “ముతకధాన్యము” లని పేరు. 1967లో నాగార్జునసాగరపు నీరు కాలువలకెక్కెను. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము వచ్చెను. 2025 ఉగాదినాడు హుజూర్‌నగరులో సన్నబియ్యపు ఉచిత పంపిణీ ప్రారంభమయ్యెను. బియ్యము పేదల ఆకలి తీర్చినది. దానిని నిందించుట కృతఘ్నత. కాని వరి మడికి నీరు మిక్కుటముగా కావలెను. జొన్నకు చెలకపై కురిసిన వానయే చాలును. అట్టి పంట “ముతక” యను నిందతో వెనుకబడెను.

2018లో కేంద్రప్రభుత్వము వీనిని “పోషకధాన్యము” లని ప్రకటించెను. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా పాటించెను. గౌరవము వచ్చినది, సంతోషమే. కాని గౌరవముతోపాటు ధరయు వచ్చినది. ఒక పెద్ద దుకాణములో నందమైన పొట్లమున కొర్రలను చూచితిని. సంతలో నమ్ము వెలకు రెట్టింపు వెల. దానిపై నొక్క తెలుగక్షరము లేదు. పొట్లముపై వివరములు ఇంగ్లీషుననో, దేవనాగరిలిపిలోని హిందీలోనో యుండవలెనని నిబంధన. తెలుగు వేయుట అమ్మువాని యిష్టము. పండించిన చేయి గుర్తింపలేని పొట్లమది!

ఇక నొక సత్యము. కొర్రల పొట్టు వదలించుట తేలిక పని గాదు. ఆ భారము మన యమ్మల భుజములే మోసినవి. ప్రాతకాలము తిరిగి రావలెనని నేననను. ఊరి పిండిగిర్నీ చెంతనే పొట్టుతీయు మర యొకటి యుండిన, చౌకతిండియు నారోగ్యమును మనకు దగ్గరగును.

మనచేత నగు పనులు కొన్ని గలవు. సంతలో విడిగింజలే కొనుడు. కొర్రలు కొన్ని గంటలు నానవేసి వండుడు. జొన్నరవ్వ నెసరులో పోసి గట్కగా నుడికించి, మజ్జిగతో పిల్లలకు పెట్టుడు. పెట్టునపుడు తైదలను తైదలనియే, సజ్జలను సజ్జలనియే చెప్పుడు. పొట్లముపై తెలుగేదని దుకాణదారు నడుగుడు. వైద్యుడు పరభాషలో తిండిపేరు చెప్పిన, తెలుగున దానినేమందురని యడుగుడు. పేరు తెలిసినవారికే కదా, తమ పెరటిలోని మేలు కనబడును!